నాలుగు సీసాల నల్ల లాగర్‌తో ఓరుగల్లు ప్రయాణం

2011 నవంబరులో ఉద్యోగరీత్యా మూడు వారాలు మ్యూనిక్‌లో ఉన్నప్పుడు ఖర్చులు రాసుకున్న చిన్న నోటుపుస్తకంలో, చివరి రోజు లెక్కల కింద ఒక వాక్యం ఉంది: "రంగు కాఫీది, రుచి నీళ్ళది. మళ్ళీ తాగనక్కర్లేదు." అది అక్కడి హోఫ్‌బ్రాయ్‌హౌస్ అనే బీరుశాలలో తాగిన డుంకెల్ అనే నల్ల లాగర్ బీరు గురించి రాసుకున్న మాట. డుంకెల్ అంటే జర్మన్ భాషలో ముదురు రంగు అనే అర్థం తప్ప మరేమీ లేదు. ఆ పేరులో ఘాటు గురించి గానీ మత్తు గురించి గానీ ఒక్క అక్షరం లేకపోయినా, నల్లగా ఉన్నది కాబట్టి గట్టిగా ఉంటుందని నేనే ఊహించుకుని, అలా లేకపోయేసరికి నేనే నొచ్చుకున్నాను. పదమూడేళ్ళ తరువాత, 2025 సంక్రాంతికి, అదే బీరును హనుమకొండలోని ఒక హోటల్ గదిలోనూ, ఆత్మకూరు దగ్గర మా అక్కగారి ఊళ్ళోనూ మళ్ళీ రుచి చూసే సందర్భం వచ్చింది.

ఆ మొదటి అనుభవం ఎంత అన్యాయంగా జరిగిందో ముందుగా ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం మా బృందంలోని వాళ్ళతో కలిసి ముందే లీటరు పట్టే గాజు కూజాతో లేత రంగు బీరు తాగేశాను. నంజుకోవడానికి ఉప్పు చల్లిన ముల్లంగి చక్రాలు పెడితే, మూడు వారాలుగా కారం లేక చచ్చిపోయిన నాలుకకు ఆశ పుట్టి, జేబులో పొట్లం కట్టుకుని తిరుగుతున్న వెల్లుల్లి కారప్పొడిని వాటి మీద చల్లుకున్నాను. నోరు మండుతుండగా డుంకెల్ వచ్చింది. ఆ స్థితిలో పానకం ఇచ్చినా నీళ్ళే అనేవాణ్ణి. హోఫ్‌బ్రాయ్ కర్మాగారాన్ని 1589లో బవేరియా పాలకుడు ఐదవ విల్హెల్మ్ నెలకొల్పింది గోధుమరంగు బీరు కాయించడానికేననీ, అంటే నేను ఒక్క గుటకలో కొట్టిపారేసిన బీరు ఆ సంస్థకు మూలపురుషుడి వంటిదనీ అప్పటికి నాకు తెలియదు.

మా మేనల్లుడు జర్మనీలో చదువుకుంటున్నాడు. పండుగకు ఇంటికి వస్తూ ఏమి తేవాలని అడిగితే, వేళాకోళానికి ఆ నోటుపుస్తకంలోని వాక్యం చదివి వినిపించాను. వాడు నిజంగానే అర లీటరు సీసాలు నాలుగు తెచ్చాడు. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోదగిన మద్యం రెండు లీటర్లే కాబట్టి అంతకు మించి ఒక్క చుక్కకైనా వీలు లేదు. అందువల్ల మూడు రోజుల ప్రయాణంలో ఆ నాలుగు సీసాలను ఎక్కడ, ఎప్పుడు, దేనితో తాగాలన్న ఆలోచన ఇద్దరికీ ఒక రకమైన పొదుపు పాఠం అయింది.

హైదరాబాద్ నుంచి హనుమకొండకు సుమారు 145 కిలోమీటర్లు. రైలు సుఖమే అయినా సీసాల కోసం అద్దె కారు మాట్లాడుకున్నాము. పండుగ రద్దీ అంతా విజయవాడ దారి మీద ఉంటుంది గనుక మన దారి ఖాళీగా ఉంటుందనుకున్నది సగమే నిజమైంది. బీబీనగర్ దగ్గర టోల్ గేటు దాటడానికి చాలాసేపు పట్టింది గానీ, యాదాద్రి మలుపు దాటిన తరువాత జనగామ మీదుగా రోడ్డు హాయిగా సాగింది. సీసాలను తువ్వాలులో చుట్టి, వెలుతురు తగలకుండా డిక్కీలో పెట్టాము. బీరులో చేదుకు కారణమైన హాప్ పువ్వుల సారం వెలుతురు తగిలితే మారిపోయి పాడు వాసన పుట్టిస్తుంది, సీసాలకు గోధుమరంగు గాజు వాడేది అందుకే. డ్రైవరు మాత్రం ఆ మూటను అంత జాగ్రత్తగా పెట్టడం చూసి, మేడారం మొక్కు ఏమన్నా ఉందా అని అడిగాడు. అతని అనుమానంలో తప్పు లేదు. సమ్మక్క సారలమ్మలకు బంగారమని పిలిచే బెల్లాన్ని కూడా జనం ఆ దారినే, ఇంతే భద్రంగా తీసుకుపోతారు.

హనుమకొండలో మేము దిగిన హోటల్ చౌరస్తాకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. గదికి రోజుకు 2,600 రూపాయలు. పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది వరకు మాత్రమే వస్తాయని ముందే చెప్పారు, చెప్పినట్టే వచ్చాయి. కింది అంతస్తులో బారు ఉన్నా పైన గదిలో సొంత సీసా తెరుచుకోవడానికి అభ్యంతరం చెప్పలేదు. అది మంచి మర్యాదే. అయితే చిక్కు అక్కడే మొదలైంది. గదిలోని చిన్న ఫ్రిజ్ పని చేయడం లేదు. పిల్లవాణ్ణి పిలిచి ఒక సీసా ఇచ్చి, కాస్త చల్లబరిచి తెమ్మన్నాము. అతను అది కింద వంటింట్లో మాంసం పెట్టుకునే డీప్ ఫ్రీజరులో పెట్టి, మేము వేయిస్తంభాల గుడికి వెళ్ళి వచ్చేదాకా అలాగే వదిలేశాడు.

ఆ సాయంత్రం 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో, చాలా ఏళ్ళ పాటు విప్పదీసి ఉన్న నాట్యమండపం మళ్ళీ నిలబడి కనిపించడం మా అల్లుడి కంటే నాకే ఎక్కువ ఆనందం కలిగించింది. చిన్నప్పుడు చూసిన స్తంభాల మధ్య తిరుగుతూ సమయం మరిచిపోయాము. తిరిగి వచ్చేసరికి సీసా లోపల సన్నటి మంచు పలుకులు తేలుతున్నాయి. మూత కొద్దిగా ఉబ్బింది కూడా. పగలకపోవడమే అదృష్టం. ఇంకొంతసేపు ఉంటే ఆ బీరు గడ్డకట్టి సీసా చీలేది. దాన్నే రెండు గ్లాసుల్లో పోసుకుని తాగాము. నోటికి చల్లదనం తప్ప మరేమీ తెలియలేదు, చివరన చిన్న చేదు తగిలింది, అంతే. నోటుపుస్తకం తెరిచి వాక్యాన్ని అల్లుడికి చూపించి, పదమూడేళ్ళ నాడు సరిగానే రాశానని గర్వంగా అన్నాను. వాడు నవ్వలేదు. "మామా, ఇది బీరు తాగినట్టు కాదు, ఐస్ చప్పరించినట్టు," అని మాత్రం అన్నాడు.

వాడి మాటలో నిజం ఉంది. చల్లదనం పెరిగిన కొద్దీ నాలుకకు తీపి, ముక్కుకు వాసన తగ్గిపోతాయి. మన వైన్స్ దుకాణాల్లో ఎముకలు కొరికేంత చల్లగా బీరు అమ్మడానికి ఎండ ఒక్కటే కారణం కాదేమో అని నాకు ఎప్పుడూ అనుమానం. స్ట్రాంగ్ అని అచ్చు వేసిన సీసాల్లో ఆల్కహాలు 8 శాతం వరకు ఉండవచ్చు. దానిలోని ఘాటును, తీపి జిగటను కప్పిపుచ్చడానికి ఆ చలి పనికి వస్తుంది. దాదాపు 5.5 శాతం ఉండే డుంకెల్‌కు కప్పిపుచ్చవలసింది ఏమీ లేదు, దాని సరుకంతా వాసనలోనూ, మెత్తటి తీపిలోనూ ఉంటుంది. దాన్ని 8 నుంచి 10 డిగ్రీల దగ్గర, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి కొంతసేపు బయట ఉంచిన తరువాత తాగాలి. ఈ సంగతి తెలిసిన మనిషి చేతిలోనే ఒక సీసా ఇలా పోయినందుకు మా అల్లుడు ఆ రాత్రంతా బాధపడ్డాడు. హోటల్ పిల్లవాడి తప్పేమీ లేదు, బీరు చల్లబరచమని అడిగిన వాళ్ళందరికీ అతను చేసే పనే చేశాడు. ఫ్రిజ్ పని చేయని గదికి పూర్తి అద్దె తీసుకోవడం మాత్రం తప్పే, ఆ మాట బిల్లు కట్టేటప్పుడు చెప్పాను, విన్నారు, తగ్గించలేదు.

మర్నాడు పొద్దున్నే రామప్పకు బయలుదేరాము. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగి పాలంపేట చేరడానికి హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తరువాత నేను వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆవరణ శుభ్రంగా ఉంది. చెప్పులు పెట్టుకునే చోటు, తాగే నీళ్ళు, మరుగుదొడ్లు పూర్వం కంటే ఎంతో నయం. అక్కడి గైడు నీళ్ళలో తేలే ఇటుకల కథను కొంచెం నాటకీయంగా చెప్పినా, శిల్పాల దగ్గరికి వచ్చేసరికి నిదానంగా, వివరంగా చెప్పాడు. ఎర్రటి ఇసుకరాతి గుడి చుట్టూ చూరు కింద నిలబడిన మదనికలు నల్లరాతివి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ నలుపు నలుపుగా ఉండదు, నునుపు తేలిన భుజాల మీద, మోకాళ్ళ మీద వెలుతురు జారుతూ కనిపిస్తుంది. దూరం నుంచి ఒకే నల్లటి ముద్దగా తోచిన రాయిలో దగ్గరికి వెళ్ళిన కొద్దీ ఎన్ని ఛాయలు ఉన్నాయో అని ఆశ్చర్యపోతుంటే, మా అల్లుడు చటుక్కున, "రాత్రి గ్లాసును దీపానికి అడ్డంగా పెట్టి చూడలేదు మామా," అన్నాడు. గుడిలో బీరు మాటేమిటని కసిరాను గానీ, ఆ మాట మనసులో నిలిచిపోయింది.

అక్కడి నుంచి గోవిందరావుపేట మండలంలోని లక్నవరం వెళ్ళాము. కాకతీయుల కాలపు చెరువు, కొండల నడుమ దీవులు, వాటిని కలిపే వేలాడే వంతెన, పడవలు, ఇవన్నీ చాలామంది రాసినవే కాబట్టి మళ్ళీ రాయను. పండుగ వారం కావడంతో దీవిలోని కాటేజీలు మాకు దొరకలేదు, ముందుగా బుక్ చేసుకోవాలన్న బుద్ధి మాకే లేకపోయింది. వంతెన మీద జనం తోపులాటగా ఉన్నారు. చెరువు గట్టున బహిరంగంగా మద్యం తాగకూడదని ఉన్న నిషేధాన్ని కాపలావాళ్ళు నిజంగానే అమలు చేస్తున్నారు. రెండు సంచులు వెతికి చూడడం నా కళ్ళతో చూశాను. మా సీసాలు కారు డిక్కీలోనే ఉన్నాయి, అక్కడే ఉండిపోయాయి. నీళ్ళు చూస్తూ తాగితే ఎంత బాగుంటుందో అన్న ఆశ నాకూ లేకపోలేదు గానీ, గట్టు పొడవునా గాజు పెంకులు లేకుండా పిల్లలు ఉత్త కాళ్ళతో పరుగెత్తడం చూశాక ఆ నియమం మీద నాకు ఫిర్యాదు మిగలలేదు. భోజనం మాత్రం వట్టి పేరుకే. చల్లారిన చేప వేపుడుకు వేడివేడి ధర చెల్లించాము.

సాయంత్రానికి ఆత్మకూరు దాటి అక్కగారి ఊరు చేరాము. ఈ ప్రయాణంలో అన్నిటికంటే మంచి బస అదే. అద్దె లేదని ఈ మాట అనడం లేదు. వాకిట్లో వేపచెట్టు కింద నులక మంచాలు, గోడ పక్కన తడిగుడ్డ చుట్టిన మట్టికుండ, ఇంట్లో పని చేసే ఫ్రిజ్, అన్నీ ఉన్నాయి. బావగారు ఆ వారం కొంత విసుగ్గా ఉన్నారు. ఆ జనవరి 8న ఒక పెద్ద బీరు కంపెనీ బకాయిల కారణంగా రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు సరఫరా ఆపుతున్నట్టు ప్రకటించింది, దాంతో ఆయనకు అలవాటైన సీసా పండుగ పూట ఊళ్ళో దొరకలేదు. మా మూట విప్పేసరికి ఆయన ముఖం కొంత వెలిగింది.

ఈసారి అల్లుడు ఎవరి చేతికీ సీసా ఇవ్వలేదు. ఫ్రిజ్ కింది అరలో రెండు గంటలు ఉంచి, తీసి, మట్టికుండ పక్కన తడిగుడ్డ మీద ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. ఆ లోపల అక్క పొయ్యి దగ్గర సర్వపిండి వత్తుతోంది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం కలిపి, నూనె రాసిన సర్వ అనే గిన్నె లోపల పలుచగా అద్ది, వేళ్ళతో గుంటలు పెట్టి, ఆ గుంటల్లో నూనె పోసి, మూత పెట్టి సన్న మంట మీద కాలుస్తారు. అడుగు ఎర్రగా మాడీ మాడనట్టు తేలడమే దాని పరువు. పక్కన డబ్బాలో పండుగ సకినాలు ఉన్నాయి.

గ్లాసులో పోసి వాకిట్లో బల్బుకు అడ్డంగా పట్టాడు. నల్లగా లేదు. ముదురు ఎరుపు, దానిమ్మ గింజను వెలుతురులో పట్టినప్పటి ఎరుపు. పైన నురుగు తేనె రంగులో ఉంది. మొదటి గుక్కలో కాల్చిన రొట్టె అంచు వాసన, ఆ వెనుక బెల్లం పాకం ముదిరే ముందటి తీపి, చివరలో నోటిని శుభ్రం చేసే కొద్దిపాటి చేదు తెలిశాయి. సర్వపిండి ఎర్రటి అంచు విరిచి నోట్లో వేసుకుని మళ్ళీ తాగితే, వేగిన నువ్వుల, పల్లీల కమ్మదనానికీ ఈ బీరుకూ ఎప్పటి నుంచో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది.

చుట్టరికం నిజంగానే ఉంది. మనం రాగులు నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించుకున్నట్టే, బీరు కోసం బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. ఆ మొలకలను లేతగా ఆరబెడితే లేత రంగు బీరుకు పనికివచ్చే మాల్ట్, ఎక్కువ వేడి మీద ఆరబెడితే మ్యూనిక్ మాల్ట్ అనే ముదురు సరుకు వస్తుంది. వేడికి గింజలోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి ఎర్రబడే చర్యే సర్వపిండి అడుగున కూడా జరుగుతుంది, దానికి మెయార్ చర్య అని పేరు. పాతకాలపు పద్ధతిలో నానిన మాల్ట్ ముద్దలో కొంత భాగం తీసి విడిగా ఉడకబెట్టి తిరిగి అందులోనే కలుపుతారు, దానివల్ల ఆ కమ్మదనం ఇంకా పెరుగుతుంది. 1842లో చెక్ ప్రాంతంలోని ప్లజెన్ పట్టణంలో బంగారు రంగు లాగర్ పుట్టి లోకమంతా పాకేదాకా, బవేరియాలో మామూలు జనం బీరు అంటే ఈ ముదురు రంగుదే. మ్యూనిక్ నీళ్ళలోని సున్నపు లవణాలకు ఇటువంటి ముదురు మాల్టే బాగా కుదిరింది. అంటే అది పండుగల కోసం దాచుకునే గట్టి పానీయం కాదు, పని దిగిన మనిషి రోజూ తాగే బీరు. మత్తు కోసం చూసినవాడికి నీళ్ళుగా తోచడం సహజమే, 2011లో నాకు తోచింది అదే, ఆ రాత్రి మా బావగారికి తోచింది కూడా అదే.

"బామ్మర్దీ, రంగు సూస్తె గుడుంబ బెల్లం లెక్కున్నది, తాగితే కిక్కే లేదు," అన్నారు ఆయన రెండో గుక్క తరువాత. నల్లబెల్లం అంటే సారా గుర్తుకు వచ్చే ప్రాంతంలో పుట్టిన మనిషికి ఆ పోలిక తప్పదు. అయినా గ్లాసు దించలేదు, సకినం కొరుకుతూ నెమ్మదిగా పూర్తి చేశారు.

మర్నాడు పొద్దున ఆయన తన వంతు చెల్లించారు. మంచు విడవకముందే ఈతవనానికి తీసుకువెళ్ళి, అప్పుడే దించిన లొట్టిలోంచి ఈతకల్లు పోయించారు. పాలలా తెల్లగా, తియ్యగా, బుడగలు కడుతూ ఉంది. మధ్యాహ్నానికి అదే కల్లు పులిసి నోరు వంకర తిప్పిస్తుంది. గాలిలోని ఈస్ట్ మన వేడికి కొన్ని గంటల్లోనే తీపినంతా తినేస్తుంది. లాగర్ సంగతి ఇందుకు పూర్తిగా ఎదురు. దాని ఈస్ట్ చలిలో, తీరుబడిగా పని చేసి అడుగుకు దిగుతుంది, ఆపై బీరును వారాల తరబడి చల్లటి చోట పడుకోబెడతారు. లాగర్ అనే పేరు నిల్వ చేయడం అన్న జర్మన్ మాట నుంచే వచ్చింది. బావగారు ఈ వివరమంతా విని, వారాల తరబడి ఆగేంత ఓపిక ఉంటే కల్లు ఎందుకు తాగుతామని తేల్చేశారు. చెట్టు కింద ఆ పూట తాగిన కల్లును డుంకెల్‌తో పోల్చి ఏది గొప్పదని అడిగితే నేను కల్లు వైపే చెయ్యెత్తుతాను. అయితే అది ఆ చెట్టు కింద, ఆ గంటలో మాత్రమే.

మూడో సీసా ఆ మధ్యాహ్నం బగారా అన్నం, నాటుకోడి కూరతో తెరిచాము. ఇది మా పొరపాటు. కూరలోని మిరియం, లవంగం, పచ్చికారం ముందు బీరు తీపి మాయమై, చేదు ఒక్కటే పైకి లేచింది. మ్యూనిక్‌లో వెల్లుల్లి కారప్పొడి చేసిన పనే ఇక్కడ నాటుకోడి చేసింది. కూర ఎంత బాగుందో బీరు అంత చెడిపోయింది. సగం గ్లాసు పక్కన పెట్టి, భోజనం ముగించి, పుచ్చకాయ ముక్కలు తిన్న తరువాత మళ్ళీ తాగితే కొంత కోలుకుంది గానీ, అప్పటికి చల్లదనం పోయి పాకం తీపి మొహం మొత్తింది. ఈ ప్రయాణంలో నా ఖచ్చితమైన అభిప్రాయం ఇది: ఈ బీరుకు సర్వపిండి, సకినాలు, వేయించిన పల్లీలు, కాల్చిన మక్కజొన్న కంకి నప్పుతాయి, మన మాంసం కూరలు నప్పవు. నోటుపుస్తకంలోని పాత వాక్యాన్ని కొట్టివేయకుండా దాని కింద ఇదే రాసుకున్నాను.

ఖర్చుల లెక్క చూస్తే, మూడు రోజుల కారుకు 10,500, ఒక రాత్రి హోటల్‌కు 2,600, లక్నవరంలో పడవకూ ఆ చేప వేపుడుకూ కలిపి 1,100 అయింది. మళ్ళీ వెళ్ళవలసి వస్తే హనుమకొండలో గది తీసుకునే ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి, చెయ్యి పెట్టి చూసి, ఆ తరువాతే సంతకం చేస్తాను. రామప్పకు ఎనిమిదిలోపే చేరుకుంటాను. లక్నవరానికి పండుగ వారంలో వెళ్ళను.

నాలుగో సీసా నా వెంట హైదరాబాద్ తిరిగి వచ్చింది. గడువు తేదీ ఇంకా చాలా దూరంలో ఉంది. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో, వెలుతురు తగలని మూల, పెరుగు గిన్నె వెనుక పెట్టాను. సర్వపిండి ఒక డబ్బా ఆర్టీసీ కార్గోలో పంపించమని అక్కకు ఫోను చేశాను.

"గది కార్గోల పంపేది గాదు తమ్మీ, మెత్తబడ్తది," అన్నది అక్క. "సీస పట్టుకొని నువ్వే రా."